36 ఆంపియర్లు: మా మేడగదిలో 4090కి కరెంటు పెట్టిన డైరీ

ఏప్రిల్ 4, 2025

కార్డు ఇంటికొచ్చింది. ఆర్‌టీఎక్స్ 4090, ఎన్విడియా వాళ్ల గ్రాఫిక్స్ కార్డు. హైదరాబాద్‌లో మా పెద్దమ్మ కొడుకు రెండేళ్లు వాడి, కొత్తదానికి మారుతూ దీన్ని నాకిచ్చాడు. పార్సిల్లో వేయడానికి మనసొప్పక అన్నయ్యే గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఒళ్లో పెట్టుకుని రాజమండ్రి దాకా తెచ్చాడు. రెండు కిలోలకు పైనే ఉంది బరువు.

నేను బిల్డర్లకు ఇళ్ల వాక్‌త్రూ వీడియోలు చేస్తాను, బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో. రెండు నిమిషాల వీడియో అంటే 3,000 ఫ్రేములు. నా పాత కార్డు ఒక్కో ఫ్రేము గీయడానికి (రెండర్ అంటే అదే) 7 నిమిషాలు తీసుకునేది. అంటే రేయింబవళ్లు నడిచినా రెండు వారాలు. అందుకే ఈ కార్డు కోసం ఏడాదిగా డబ్బులు కూడబెట్టుకున్నాను.

ఆగలేకపోయాను. రాత్రి భోజనం కాగానే పెట్టేశాను. నా దగ్గరున్నది 750 వాట్ల ఎస్‌ఎంపీఎస్, అంటే కంప్యూటర్ లోపల అన్నిటికీ కరెంటు ఇచ్చే డబ్బా. కార్డుతో పాటు వచ్చిన అడాప్టర్‌కి ఒక పక్క నాలుగు 8 పిన్నుల సాకెట్లు, ఇంకో పక్క కార్డులోకి వెళ్లే సన్నటి 12 పిన్నుల ప్లగ్గు. నా ఎస్‌ఎంపీఎస్ నుంచి కార్డు కోసం వచ్చే కేబుళ్లు రెండే, ఒక్కోదానికి చివర రెండు తలలు. నాలుగు తలలున్నాయి కదా, నాలుగూ గుచ్చేశాను. ఆన్ అయింది. రెండు ఫ్రేములు వచ్చాయి, చాలా సంతోషమేసింది. మూడో ఫ్రేము మధ్యలో టప్‌మని అన్నీ ఆగిపోయాయి. మళ్లీ ఆన్ చేస్తే మళ్లీ అదే.

స్విచ్ ఆపి, గోడ ప్లగ్గు పీకి, అడాప్టర్ తీశాను. సన్నగా కాలిన ప్లాస్టిక్ వాసన. నాన్న పేపరు చదువుకునే భూతద్దం తెచ్చి, ఫోన్ టార్చి వేసి చూస్తే 12 రంధ్రాల్లో ఒకదాని అంచు టీ మరక రంగులో ఉంది. అన్నయ్య దగ్గరే అలా అయిందో, ఇవాళ నా దగ్గర అయిందో చెప్పలేను. కార్డు వైపు పిన్నులు మాత్రం మెరుస్తూనే ఉన్నాయి, చుట్టూ ప్లాస్టిక్ నల్లగా నిగనిగలాడుతోంది. అప్పుడు గానీ ఊపిరి పీల్చుకోలేదు.

ఇంకొకటి. కేబినెట్ రేకు మీద మోచెయ్యి ఆనితే జివ్వుమంది. నాలుగేళ్లుగా అలా అంటూనే ఉంది, చెప్పులేసుకుంటే సరిపోతుందని వదిలేశాను. ఇవాళ వదిలేయాలనిపించలేదు. మొత్తం లైను మెయిన్ బోర్డు నుంచి కార్డు దాకా చూసుకునే వరకు దీన్ని ఆన్ చేయను.

ఏప్రిల్ 5

పొద్దుటి నుంచి కాగితం మీద లెక్కలే.

కార్డు 450 వాట్లు. మదర్‌బోర్డు స్లాటు నుంచి ఏ కార్డైనా తీసుకోగలిగేది మహా అయితే 75 వాట్లు. 4090 అందులో కొంచెమే వాడుకుంటుంది, మిగతాదంతా ఆ 12 పిన్నుల ప్లగ్గులోంచే రావాలి. వోల్టేజీ 12 మాత్రమే కాబట్టి ఆంపియర్లు ఎక్కువ. 450ని 12తో భాగిస్తే 37.5, స్లాటు వాటా పోగా ప్లగ్గులో 36 చుట్టూ. ఆ 12 పిన్నుల్లో ఆరు కరెంటు తెస్తాయి, ఆరు తిరిగి తీసుకెళ్తాయి. సమానంగా పంచుకుంటే ఒక్కో పిన్నుకు 6 ఆంపియర్లకు కాస్త పైన. మా ఇంట్లో ఒకటిన్నర టన్ను ఏసీ దాదాపు 7 ఆంపియర్లు తీసుకుంటుంది. అంత మందం ప్లగ్గులో పోయే కరెంటు ఇక్కడ అగ్గిపుల్ల కంటే సన్నటి పిన్నులోంచి పోతోందన్నమాట.

పాత 8 పిన్నుల ప్లగ్గుకు లెక్క 150 వాట్లు. అందులో కరెంటు తెచ్చే పిన్నులు మూడు, ఒక్కోదానికి 4 ఆంపియర్ల పైచిలుకు. ఆ పిన్నులు దాదాపు దానికి రెట్టింపు మోయగలవు, అందుకే లూజుగా పెట్టినా ఏళ్ల తరబడి నడిచిపోయాయి. ఈ కొత్త ప్లగ్గు, అంటే 12వీహెచ్‌పీడబ్ల్యూఆర్, 600 వాట్ల దాకా మోయాలి. అప్పుడు పిన్నుకు 8.3 ఆంపియర్లు, పిన్ను మోయగలిగేది 9.5. మిగులు చాలా తక్కువ. పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం కూడా 4.2 మిల్లీమీటర్ల నుంచి 3కి తగ్గించారు.

4090 మార్కెట్లోకి వచ్చింది 2022 అక్టోబర్ 12న. రెండు వారాలు తిరక్కుండానే కరిగిన ప్లగ్గుల ఫొటోలు బయటికొచ్చాయి. నవంబర్‌లో ఎన్విడియా, ప్రపంచం మొత్తం మీద తమ దృష్టికి 50 కేసుల దాకా వచ్చాయనీ, ప్లగ్గు పూర్తిగా లోపలికి నెట్టకపోవడమే ముఖ్య కారణంగా కనిపిస్తోందనీ చెప్పింది. అది నిజమే అయినా నా ఉద్దేశంలో సగం నిజం. మనిషి చెయ్యి ఒక మిల్లీమీటరు తప్పినా కాలిపోయేంత తక్కువ మిగులు పెట్టి తయారు చేయడం కూడా కారణమే.

ఇంకొక సంగతి తెలిసి మనసు బరువెక్కింది. అంతకుముందు తరం 3090 టీఐలో ఈ ఆరు వైర్లను రెండేసి చొప్పున మూడు జతలుగా విడదీసి, ఏ జతలో ఎంత పోతోందో కార్డు విడివిడిగా కొలుచుకునేది. 4090లో ఆరూ ప్లగ్గు దాటగానే ఒక్కటైపోతాయి. ఒక పిన్ను సరిగ్గా ఆనకపోతే దాని వాటా మిగతావాటి మీద పడుతుంది, కార్డుకి ఆ సంగతే తెలియదు. మొన్న ఫిబ్రవరిలో జర్మనీ ఓవర్‌క్లాకర్ (చిప్పులను మామూలు వేగం దాటించి నడిపేవాడు) డెర్‌బౌవర్ తర్వాతి తరం 5090 మీద కొలిస్తే ఒక్క వైరులోనే 20 ఆంపియర్లు దాటింది. వేడి కరెంటుతో పాటు నేరుగా పెరగదు, దాని వర్గంతో పెరుగుతుంది. 6 మిల్లీ ఓముల కాంటాక్టులో 8 ఆంపియర్లు పోతే పుట్టే వేడి 0.4 వాట్ల లోపు. అదే 20 పోతే 2.4 వాట్లు. వినడానికి చిన్న సంఖ్యే, కానీ గింజంత ప్లాస్టిక్‌లో నాలుగు పక్కలా మూసుకుపోయిన చోట అది.

నిన్న ఎస్‌ఎంపీఎస్ ఎందుకు ఆగిపోయిందో కూడా తెలిసింది. కార్డు సగటున 450 వాట్లే తీసుకున్నా, సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువ సేపు దాన్ని బాగా దాటి ఎగురుతుంది. పాత ఎస్‌ఎంపీఎస్ దాన్ని షార్ట్ సర్క్యూట్ అనుకుని తనను తాను ఆపుకుంది. అది తప్పు చేయలేదు, నన్ను కాపాడింది. ఎస్‌ఎంపీఎస్‌ల ప్రమాణమైన ఏటీఎక్స్‌లో 3.0 నుంచి ఈ ఎగుళ్లకు లెక్క రాసి పెట్టారు: ఎస్‌ఎంపీఎస్ తన సామర్థ్యానికి రెట్టింపును 100 మైక్రోసెకన్ల పాటు తట్టుకోవాలి. నా ప్రాసెసర్ రైజెన్ 9 7950ఎక్స్ పూర్తిగా పని చేస్తే 230 వాట్లు. ఫ్యాన్లు, డిస్కులు కలిపి మొత్తం 750 దగ్గర. 1000 వాట్ల ఏటీఎక్స్ 3.1 ఆర్డర్ పెట్టాను.

ఏప్రిల్ 6

శ్రీరామనవమి. ఎలక్ట్రీషియన్ బాబాయ్‌కి ఫోన్ చేస్తే వెనకాల మైకు సౌండు. "పందిరి లైట్ల దగ్గరున్నానమ్మా, ఎల్లుండి పొద్దున్నే వస్తాను" అన్నారు. మా ఇంటికి 1996లో వైరింగ్ చేసింది ఆయనే. పానకం తాగి, మల్టీమీటర్ పట్టుకుని నా వంతు కొలతలు తీశాను.

మేడగది సాకెట్లో ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 231 వోల్టులు. ఫేజుకీ ఎర్తుకీ మధ్య ఒకసారి 90, ఒకసారి 140, నిలకడ లేదు. అంటే పై రంధ్రం వెనక ఎర్తు లేనట్టే. జివ్వుమనడం దానివల్లే. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజు నుంచి రేకుకూ, న్యూట్రల్ నుంచి రేకుకూ చిన్న కెపాసిటర్లు ఉంటాయి, కరెంటులోని అలజడిని (నాయిస్) ఎర్తులోకి పంపడానికి. ఎర్తు లేకపోతే రేకు ఆ రెంటి మధ్యలో, 115 వోల్టుల దగ్గర వేలాడుతుంది. కరెంటు చాలా కొంచెమే కాబట్టి మామూలుగా మనిషికి ఏమీ కాదు. కానీ లోపల నిజంగా ఫేజు వైరు తెగి రేకుకు తగిలిన రోజున కూడా అది వెళ్లడానికి నా చెయ్యి తప్ప వేరే దారి ఉండదు. ఈ జివ్వు మన ఇళ్లలో అంత మామూలైపోయింది, ఫ్రిజ్ దగ్గర, గ్రైండర్ దగ్గర, ఎవరూ పట్టించుకోరు. దయచేసి పట్టించుకోండి.

ఏప్రిల్ 8

బాబాయ్ ఏడున్నరకే వచ్చారు. ముందు నా ఎక్స్‌టెన్షన్ బాక్సు చూపించమన్నారు. ఇన్నాళ్లూ కంప్యూటర్, రెండు మానిటర్లు, రౌటర్, ఫోన్ ఛార్జర్ అన్నీ దాని మీదే. విప్పి, న్యూట్రల్ రంధ్రం లోపలి ఇత్తడి రేకు వైపు స్క్రూడ్రైవర్‌తో చూపించారు. రేకు వెడల్పై వదులైపోయింది, దాని చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగు. నేను లోపలికెళ్లి ఆ అడాప్టర్ తెచ్చి పక్కన పెట్టాను. ఒకటి 230 వోల్టులది, ఒకటి 12 వోల్టులది. మరక ఒకటే.

"ఎక్కువ లాగితే వైరు కాలిపోద్దనుకుంటారమ్మా అందరూ. వైరు అంత తొందరగా కాలదు. జాయింటు లూజైతే కాలిపోద్ది. నేను నలభై ఏళ్లుగా మార్చినవన్నీ జాయింట్లే" అన్నారు.

"మరి ఇంత చిన్న ప్లగ్గులో 36 ఆంపియర్లు పోతాయి బాబాయ్" అన్నాను.

ఆయన అడాప్టర్‌ని చేతిలో తిప్పి తిప్పి చూశారు. "ముప్పై ఆరా! దీంట్లోనా? అయితే నువ్వు దీన్ని నెలకోసారి చూసుకోవాలమ్మా, మీటర్ దగ్గర మెయిన్ చూసుకున్నట్టు."

మేడగది 2009లో వేసింది. అప్పుడు వేరే మేస్త్రీ కింది గది లైటు పాయింటు నుంచి సన్నటి 1/18 వైరు పైకి లాగి, సాకెట్‌కి ఎర్తు వైరు వేయకుండానే వదిలేశాడట. ఏసీ లైను మాత్రం వేరేగా ఉంది. బాబాయ్ కింది మెయిన్ బోర్డు నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైర్లు మూడు, ఫేజు, న్యూట్రల్, ఎర్తు, గోడ మీద పట్టీలో పైకి తెచ్చారు. దానికి 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనే పడిపోయే స్విచ్) వేరుగా. గదిలో 16 ఆంపియర్ల సాకెట్ ఒకటి, 6 ఆంపియర్లవి రెండు. అన్నీ కలిపి గోడ దగ్గర నా లోడు 830 వాట్లు, అంటే 3.6 ఆంపియర్లే. "ఇంత చిన్న డబ్బాకి గీజరుకి వేసే వైరా?" అని నాన్న అడిగారు. గీజరు అరగంటలో ఆగిపోతుంది, ఇది మూడు రాత్రులు ఆగకుండా నడుస్తుంది నాన్నా అని చెప్పాను.

మధ్యాహ్నం ఎర్తు గొయ్యి. పెరట్లో కొబ్బరిచెట్టు పక్కన సిమెంటు మూత కింద ఉంది. జీఐ పైపు బాగానే ఉంది, దాని మెడ దగ్గర బోల్టు మాత్రం తుప్పు పట్టి, వేలితో తాకితే పొడి రాలింది. అక్కడా జాయింటే. ఆయన ఆకురాయితో పైపు మెరిసేదాకా గీకి, కొత్త క్లాంపు, కొత్త బోల్టు వేసి, గ్రీజు పూసి, రెండు బకెట్ల నీళ్లు పోయించారు. తర్వాత హోల్డర్‌లో 100 వాట్ల బల్బు పెట్టి ఫేజుకీ ఎర్తుకీ మధ్య వెలిగించి చూశారు. పూర్తి కాంతితో వెలిగింది. మల్టీమీటర్ వోల్టులు చూపించినంత మాత్రాన ఎర్తు కరెంటు మోస్తుందని కాదు, బల్బు వెలిగితే మోస్తున్నట్టు. ఇది ఆయన చేతుల్లో చేసే పని, మీరు చేయకండి. బల్బు పరీక్ష అయ్యాకే పై లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్తులోకి కారితే లైను ఆపేసే స్విచ్) బిగించారు, లేకపోతే అది వెంటనే పడిపోయేది.

ఇప్పుడు ఫేజుకీ ఎర్తుకీ 230, న్యూట్రల్‌కీ ఎర్తుకీ 1.2 వోల్టులు. చెప్పులు విప్పి, అరచెయ్యి మొత్తం కేబినెట్ మీద ఆనించాను. చల్లటి రేకు, అంతే.

ఏప్రిల్ 12

కొత్త ఎస్‌ఎంపీఎస్ వచ్చింది. దాని మీదే 12వీ-2×6 సాకెట్ (12వీహెచ్‌పీడబ్ల్యూఆర్‌కి సవరించిన రూపం) ఉంది, అడాప్టర్ అక్కర్లేకుండా ఒకే కేబుల్ నేరుగా కార్డుకి వెళ్తుంది. 16 గేజ్ వైర్లు.

పాత ఎస్‌ఎంపీఎస్ కేబుళ్లు అలాగే ఉంచి డబ్బా మాత్రం మారుద్దామా అని ఒక్క క్షణం ఆశ పుట్టింది, ఎందుకంటే వాటిని కేబినెట్ వెనకంతా అందంగా కట్టి పెట్టుకున్నాను. వద్దు. ఎస్‌ఎంపీఎస్ వైపు చివర ఏ పిన్ను ఏది అన్నదానికి అందరికీ ఒకే పద్ధతి లేదు. ఒకదాని కేబుల్ ఇంకొకదాంట్లో చక్కగా దూరుతుంది, కానీ 12 వోల్టులు ఉండాల్సిన చోట ఎర్తు ఉండొచ్చు. డిస్కులూ బోర్డులూ ఒక్క క్షణంలో పోతాయి. మొత్తం విప్పేసి కొత్తవి వేశాను, నాలుగు గంటలు పట్టింది.

12వీ-2×6 గురించి నేనూ మొదట పొరపాటు పడ్డాను. 12వీహెచ్‌పీడబ్ల్యూఆర్‌లో 12 పెద్ద పిన్నుల పక్కన నాలుగు చిన్న పిన్నులుంటాయి. కేబుల్ ఎన్ని వాట్లది అని కార్డుకి చెప్పేవి వాటిలో రెండు. ప్లగ్గు పూర్తిగా దూరకపోయినా అవి ఆనేవి, కార్డు పూర్తి కరెంటు లాగేసేది. కొత్త రకంలో ఆ చిన్న పిన్నులను 1.5 మిల్లీమీటర్లు పొట్టి చేశారు, పెద్దవాటిని 0.25 పొడుగు చేశారు. పూర్తిగా నెడితే తప్ప కార్డు లోడు తీసుకోదు. మంచి మార్పు. అయితే ఆ మార్పు జరిగింది కార్డు మీదుండే సాకెట్లో, కేబుల్ ప్లగ్గులో కాదు. నా కార్డు 2023 మొదట్లో కొన్నది, పాత సాకెట్. కొత్త కేబుల్ కొన్నాను కాబట్టి నాకు ఆ రక్షణ వచ్చేసిందనుకుంటే అది భ్రమ.

ఏప్రిల్ 13

ఇవాళ్టి గురించి వివరంగా రాసుకోవాలి.

కేబుల్ గుచ్చాను. క్లిక్ వినపడిందనిపించింది. లాగి చూస్తే రాలేదు. బాగానే ఉందనుకుని రెండడుగులు వెనక్కి జరిగాను. కానీ ఈసారి కొలవకుండా నమ్మదలచుకోలేదు. డీసీ కొలిచే క్లాంప్ మీటర్ ఒకటి తమ్ముడి స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చాను (చాలా క్లాంప్ మీటర్లు ఏసీ మాత్రమే చూపిస్తాయి, డీసీ ఉందో లేదో చూసుకుని తీసుకోవాలి). కేబుల్ నల్ల తొడుగును కొంత దూరం కోసి, ఆరు 12 వోల్టుల వైర్లను విడదీసి, రెండేసి వేళ్ల ఎడంతో ఉంచాను. రెండర్ మొదలుపెట్టి, కార్డు 450కి చేరాక, ఫ్యాన్లకు చెయ్యి తగలకుండా ఒక్కో వైరు చుట్టూ క్లాంప్ వేస్తూ వెళ్లాను.

9.1. 4.2. 6.8. 7.4. 3.1. 5.6.

కూడితే 36.2. మొత్తం సరిగ్గా ఉంది, పంపకం సరిగ్గా లేదు. మొదటి వైరులో 9 దాటిపోయింది, ఐదో వైరు సగం పనిలోనే ఉంది. స్క్రీన్ మీద చూస్తే అన్నీ మామూలే. రెండర్ చక్కగా నడుస్తోంది, కార్డు వేడి 64 డిగ్రీలు, ఎక్కడా ఎర్ర గుర్తు లేదు. నా గుండె మాత్రం దడదడలాడింది.

ఆపేసి, ఎస్‌ఎంపీఎస్ స్విచ్ తీసి, ఐదు నిమిషాలాగి, టార్చి పక్క నుంచి కొట్టి చూశాను. ప్లగ్గుకీ సాకెట్‌కీ మధ్య ఒక చివర గీత లేదు. రెండో చివర గోరు అంచు దూరేంత సందు. క్లిప్పు మధ్యలో ఉంటుంది కాబట్టి ఒక పక్క వంగి కూర్చున్నా అది పట్టేసుకుంది. నేను విన్న క్లిక్ నిజమే, కానీ సరిపోదు.

పూర్తిగా తీశాను. కార్డునే స్లాటు నుంచి బయటికి తీసి, బల్ల మీద దుప్పటి పరిచి పెట్టి, కేబుల్‌ని నిటారుగా పట్టుకుని రెండు బొటనవేళ్లతో రెండు చివర్లా సమానంగా నొక్కాను. వేళ్ల గోళ్లు తెల్లబడేంత బలం పట్టింది. చివర్లో చిన్నగా "టిక్" అని కదలిక వేళ్లకు తెలిసింది, చెవికి కాదు. నాలుగు పక్కలా టార్చి కొట్టి సందు లేదని చూశాకే కార్డును కేబుల్‌తో సహా స్లాటులో పెట్టాను. అన్నయ్య, నేను, మనలో చాలామంది కార్డు బిగించి ఆ తర్వాత ఇరుకులో చెయ్యి పెట్టి కేబుల్ గుచ్చుతాం. ఈ ప్లగ్గుకి ఆ పద్ధతి మానేయాలి.

మళ్లీ కొలత: 6.3, 5.9, 6.1, 6.0, 5.7, 6.2.

మొత్తం మళ్లీ 36.2. ఆ అంకెలు చూసుకుంటూ కాసేపు అలాగే కూర్చున్నాను.

ఈ ప్లగ్గును 30 సార్లు గుచ్చి తీయడానికే లెక్క వేసి చేశారు. అన్నయ్య ఐదారు సార్లు తీసి ఉంటానన్నాడు, ఆరు వేసుకున్నాను. నేను ఇప్పటికి మూడు సార్లు. కేబినెట్ లోపల తెల్ల కాగితం అతికించి తొమ్మిది గీతలు గీశాను. ఊరికే తీసి చూడటం కూడా అరుగుదలే, కాబట్టి ఇక నుంచి కొలతలతోనే చూస్తాను.

ఏప్రిల్ 20

కేబినెట్ పక్క అద్దం బిగిస్తే కేబుల్ వంగుతోంది. ప్లగ్గు దాటాక కనీసం 35 మిల్లీమీటర్లు వంచకూడదంటారు. నా కేబినెట్లో కార్డు అంచుకీ అద్దానికీ మధ్య అంత చోటే లేదు. అద్దం నెట్టిన కొద్దీ వైర్లు ప్లగ్గు లోపలి రేకులను ఒక పక్కకు లాగుతాయి. అద్దం పెట్టి, తొడుగు కోసిన చోట క్లాంప్ దూర్చి కొలిస్తే ఒక వైరు 7.2కి వెళ్లింది. తీసేస్తే మళ్లీ సర్దుకుంది.

కొత్త కేబినెట్‌కి ఇప్పుడు డబ్బుల్లేవు. అద్దం నాలుగు మూలలా 30 మిల్లీమీటర్ల ఇత్తడి స్పేసర్లు వేసి బయటికి జరిపాను. ఆ సందులోంచి బల్లులు, చీమలు దూరతాయి. మన ఊళ్లలో అది మాట వరసకనే భయం కాదు, మా పిన్ని వాళ్ల ఇన్వర్టర్ బోర్డు బల్లి వల్లే పోయింది. కిటికీకి వేసే దోమల మెష్ కోసి చుట్టూ అతికించాను. కార్డు బరువుకు కిందికి వాలకుండా చివర ఒక స్టాండు.

మల్టీమీటర్‌తో వచ్చిన, వేడి కొలిచే థర్మోకపుల్ తీగను వేడికి తట్టుకునే టేపుతో ప్లగ్గు పక్కన అంటించాను. 450 వాట్ల దగ్గర గంట నడిచాక 58 డిగ్రీలు, అప్పుడు కేబినెట్ లోపలి గాలి 44. పెరుగుదల 14. ఈ కనెక్టర్‌కి 30 డిగ్రీల పెరుగుదల దాకా లెక్కలో ఉంది. నాకు ఇది చాలు, కానీ రోహిణీ కార్తె ముందుంది.

ఏప్రిల్ 27

నాకు నిజంగా 450 వాట్లు కావాలా అని చూశాను. ఎన్విడియా-ఎస్‌ఎంఐ అనే కమాండ్‌తో కార్డు తీసుకునే గరిష్ఠ వాట్లను తగ్గించొచ్చు, అడ్మినిస్ట్రేటర్‌గా నడపాలి. ఒకే ఫ్రేము: 450 దగ్గర 100 సెకన్లు, 400 దగ్గర 102, 340 దగ్గర 107, 270 దగ్గర 121. నాలుగో వంతు కరెంటు తగ్గిస్తే పోయేది 7 సెకన్లు. ప్లగ్గు వేడి 58 నుంచి 48కి దిగింది. ఒక్కో పిన్నుకు 4.6 ఆంపియర్లు, అంటే పాత 8 పిన్నుల రోజుల లెక్కకు దగ్గరగా వచ్చేశాం.

ఈ ప్రాజెక్టు మొత్తంలో పైసా ఖర్చు లేనిది ఇదే, అన్నిటికంటే ఎక్కువ మేలు చేసిందీ ఇదే. మీ దగ్గర ఈ కార్డు ఉండి, నేను రాసిన వాటిలో ఒక్కటే చేసే ఓపిక ఉంటే, ఇది చేయండి. కంప్యూటర్ మళ్లీ ఆన్ చేస్తే ఆ పరిమితి పోతుంది, అందుకని లాగిన్ కాగానే దానంతటదే నడిచేలా టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టాను.

మే 4

కరెంటు కోతలు మొదలు. ఇంటి ఇన్వర్టర్ చదరపు తరంగం ఇచ్చే పాతది, ఫ్యాన్లకీ లైట్లకీ సరిపోతుంది. కొత్త లైనును దానికి కలపలేదు. మెయిన్స్ ఒక ఆవృతం 20 మిల్లీసెకన్లు. పూర్తి లోడులో ఉన్న ఎస్‌ఎంపీఎస్ కరెంటు పోయాక అంతసేపు కూడా నిలబడలేకపోవచ్చు, ఆ లోపే బ్యాటరీ అందుకోవాలి. పైగా ఇప్పటి ఎస్‌ఎంపీఎస్‌లకు యాక్టివ్ పవర్ ఫ్యాక్టర్ సర్దుబాటు (మెయిన్స్ తరంగం ఆకారంలోనే కరెంటు తీసుకునే ఏర్పాటు) ఉంటుంది, కొన్నిటికి చదరపు తరంగం పడదు, గుయ్యిమంటాయి లేదా ఆగిపోతాయి.

యూపీఎస్ కొనేటప్పుడు డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండే వీఏ (వోల్ట్-ఆంపియర్లు) చూసి మోసపోవద్దు, చూడాల్సింది వాట్లు. నేను అంతకుముందు వాడిన 1100 వీఏది నిజానికి 660 వాట్లే. ఇప్పుడు తీసుకున్నది సైన్ వేవ్ (మెయిన్స్ లాంటి నున్నటి తరంగం) ఇచ్చే 1500 వీఏ, 900 వాట్లది. 340 పరిమితితో గోడ దగ్గర నా లోడు 620 చుట్టూ ఉంటుంది. యూపీఎస్ యూఎస్‌బీ తీగ కంప్యూటర్‌కి పెట్టాను. కరెంటు పోగానే స్క్రిప్టు కార్డును 200 వాట్లకు దించుతుంది. మూడు నిమిషాల్లో కరెంటు రాకపోతే నడుస్తున్న ఫ్రేము పూర్తి చేసి కంప్యూటర్ ఆపేస్తుంది.

రెండర్‌ను వీడియోగా కాకుండా విడివిడి బొమ్మలుగా రాయిస్తున్నాను, ఓవర్‌రైట్ (ఉన్న ఫైలు మీదే మళ్లీ రాయడం) తీసేసి. ఎక్కడ ఆగితే అక్కడి నుంచి మొదలవుతుంది.

మే 27

రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. నిన్న మధ్యాహ్నం మేడగదిలో ఏసీ లేకుండా 41 డిగ్రీలు చూపించింది. కావాలనే ఏసీ ఆపి ఒక గంట నడిపాను. కేబినెట్ లోపల 52, ప్లగ్గు 57. పెరుగుదల 5 డిగ్రీలే. క్లాంప్ మీటర్ మళ్లీ తెచ్చి ఆరు వైర్లు కొలిచాను, ఎక్కువ తక్కువల మధ్య తేడా అర ఆంపియర్ లోపే.

రాత్రి 2:40కి కరెంటు పోయింది. నిద్రలో యూపీఎస్ కూత విని లేచి వచ్చేసరికి స్క్రీన్ మీద 200 వాట్లు, ఫ్రేము 1,412 నడుస్తోంది. ఆ ఫ్రేము రాసి, తనంతట తనే ఆగింది. కరెంటు 3:25కి వచ్చింది. ఆన్ చేసి 1,413 నుంచి వదిలిపెట్టి పడుకున్నాను.

పొద్దున కాఫీ పట్టుకుని పెరట్లోకెళ్తే నాన్న కొబ్బరిచెట్టుకు నీళ్లు పెడుతున్నారు. పైపు ఎర్తు గొయ్యి వైపు తిప్పి, మూత కాలితో జరిపి, అది నిండేదాకా పట్టుకుని నిలబడ్డారు. బాబాయ్ వారానికోసారి చాలన్నారు, ఈయన రోజూ పోస్తున్నారట.